దశరథం నేసిన చీర

సిరిసిల్లలో స్వర్ణలత ఒక్కతే ఉంటుంది. భర్త దశరథం పోయి ఆరేళ్లయింది. ఆయన చేమగ్గం మీద ఆమె కోసమని నేసిన పట్టుచీర ఒక్కటే పెట్టెలో మిగిలింది.

బడిలో పండుగకు పాతకాలపు కట్టుతో రమ్మన్నారని పక్కింటి ప్రవళిక దిగులుపడింది. వాళ్లమ్మ జమునకు కుట్టు రాదు. స్వర్ణలత చీర తీసింది. అంచు చెడకుండా చూసుకుని కత్తెర పెట్టింది. నాలుగు రోజులు కూర్చుని పిల్లకు లంగా, రవిక కుట్టింది.

పండుగనాడు చూద్దామని తానూ బడికి వెళ్లింది. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"ఏ పిల్ల తల్లివమ్మా?"

"తల్లిని గాదు. బట్టలు కుట్టిన."

"తల్లిదండ్రులనే లోపలికి పంపుమన్నరు. ఏమనుకోకు."

ఆమె ప్రహరీ పక్కన నిలబడింది. మైకులో ప్రవళిక పేరు పిలిచారు. పాట మొదలైంది, చాలాసేపు చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఇంటికి నడిచింది.

సాయంత్రం పిల్ల లంగాతోనే పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, నువ్వెందుకు రాలే? అందరు నా లంగనే చూసిన్రు."

"పనుండె బిడ్డా," అంది స్వర్ణలత, దాని జడ సర్దుతూ.

పిల్ల వెళ్లిపోయింది. దశరథం నేతను బడంతా మెచ్చుకుందని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.