అందరూ తిన్నాక

మా నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్నవి రెండే: భుజం మీద ఒక మచ్చ, అందరూ తిన్నాక తినే అలవాటు. మచ్చతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ అలవాటుతో మాత్రం మా అమ్మ బతుకంతా వేగింది.

బర్మా అడవుల్లో ఆయన కింద కొందరు సిపాయిలు ఉండేవారట. ఒకనాడు కాపలా నుంచి ఆలస్యంగా వచ్చిన కుర్రాడికి అన్నం మిగల్లేదట. "నాను తినీసినాను, ఆడు పస్తు పడుకున్నాడు" అని ఒక్కసారే చెప్పారు. తెల్లారి ఆ కుర్రాడు ఏమయ్యాడని నేను అడిగితే, లేచి వెళ్లి బూట్లు పాలిష్ చేసుకోవడం మొదలుపెట్టారు. మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యారు. సైరన్ కొట్టగానే సైకిలు మీద ఇంటికొచ్చి, చేతుల గ్రీజు వదలగొట్టుకొని, వంటింటి గుమ్మంలో నిలబడి ఒకటే ప్రశ్న. "అందరూ తిన్నారేటి?" మేమూ, నానమ్మా సరే, ఆడుకోడానికి వచ్చిన పక్క క్వార్టరు పిల్లలు కూడా తినాల్సిందే. పక్కింటి బెంగాలీ ఆవిడ కిటికీలోంచి "దాదా, భాత్ ఖేయేఛెన్?" అని పలకరించేది. అన్నం తిన్నారా అని ఎవరడిగినా ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే, ఇంకా లేదని.

నానమ్మకు ఒళ్లు మండిపోయేది. "మగోడివి, ఇంటికి పెద్దోడివి. పెళ్లాం ఎంగిలిపడ్డాక తింతావేట్రా? సిగ్గు నేదేటి?"

"ఆకలికి సిగ్గేటమ్మా" అని నవ్వేసేవారు నాన్న.

అమ్మ కష్టం వేరు. మొగుడికంటే ముందు తింటే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని పుట్టింట్లో నూరిపోశారు. మొదట్లో "తినీసినాను" అని అబద్ధమాడేది. ఆయన అన్నం గిన్నె మూత తీసి చూసేవారు, దొరికిపోయేది. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే. చివరికి రాజీకొచ్చారు. అమ్మ గోడవైపు తిరిగి ఒక్క ముద్ద నోట్లో వేసుకునేది, అదీ నానమ్మ కంటా దేవుడి కంటా పడకుండా. అప్పుడు నాన్న కంచం ముందు కూర్చునేవారు. నానమ్మ పోయాక కూడా అమ్మ గోడవైపే తిరిగేది. "ఈ మనిసితో ఏగలేక సస్తన్నాను" అని ఆ గోడకే చెప్పుకునేది.

రిటైరయ్యాక ఖరగ్‌పూర్‌లోనే, ఝపటాపూర్ పేటలో చిన్న ఇంటికి మారారు. మనవల్ని ఎత్తుకొని, వాళ్లకు కథలు చెప్పి తినిపించి, డెబ్బై దగ్గరపడ్డాక నిద్రలోనే ప్రశాంతంగా పోయారు.

పదోరోజున పెరటి గోడ మీద విస్తరాకులో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. పక్షి ముట్టితేగాని ఇంట్లో ఎవరూ తినకూడదు. కాకులు కరెంటు తీగ మీద కూర్చొని చూశాయే తప్ప దిగలేదు. పోయినవారికి ఏదో కోరిక మిగిలితేనే అలా జరుగుతుందంటారు. బాబాయి చేతులు జోడించి "వదిన్ని నాను సూసుకుంటాను" అని మాటిచ్చాడు. తమ్ముడు సిగరెట్లు మానేస్తానన్నాడు. నేను కోపం తగ్గించుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్టును కాకులు కూడా నమ్మలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "నావల్ల ఏటి లోటయిపోనాదో" అని అమ్మ గొణుక్కుంటోంది. ఇన్నేళ్లు కాపురం చేసి, చివరికి మనిషిని ఆకలితో పంపిస్తున్నానని ఆమె భయం. ఆ ముఖం చూడలేక నేను కాకుల్ని తిట్టాను.

అంతలో వర్క్‌షాపు సైరన్ మోగింది. అమ్మ తలెత్తింది.

"ఓలమ్మ! ఆయన ఎప్పుడు ముందు తిన్నారు? పిల్లలకి వడ్డించీయే" అంది నాతో.

"వదినా, అపచారం" అన్నాడు బాబాయి.

"ఆయన సంగతి నాకు సెప్తావేటి? నువ్వూ కూకో. తిను."

పిల్లలు తిన్నారు. బాబాయి తిన్నాడు. నేనూ తిన్నాను. అందరూ అయ్యాక అమ్మ గోడవైపు తిరిగి కూర్చొని, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది.

పెరట్లో రెక్కల చప్పుడైంది.

అమ్మ తల తిప్పలేదు. "తింతన్నారేటే?" అని అడిగింది.

"తింతన్నారమ్మా" అన్నాను.