ఎస్తేరమ్మ వాలు కుట్లు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మితే నాకు బతుకు కష్టం. మొయినాబాద్‌లో మా ఇంట్లో పాత బొంతలు అరవైకి పైగా ఉన్నాయి. వాటిలో అతుకులైన చీరలు, ధోతులు, లంగాలు కట్టుకున్నవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఆ పక్క గదిలోనే నేను ఇరవై ఏళ్లుగా గురక పెట్టి నిద్రపోతున్నాను. ఇంతవరకు మా ఆవిడ తప్ప ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చేవెళ్లలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. రాజుల చరిత్ర జీతం కోసం, బొంతల చరిత్ర నా కోసం. ఊళ్లు తిరిగి బొంతలు అడుగుతాను. ఇచ్చేస్తే దాచుకుంటాను, ఇవ్వం అంటే కొన్నాళ్లకు అరువు తెచ్చుకుంటాను. ఫొటో తీసి, గళ్ల కాగితం మీద ఒక్కో అతుకూ గీసి, అది ఎవరి బట్టో, ఎవరు కుట్టారో రాసుకుంటాను. నియమం ఒక్కటే. పాత బొంతను ఉతకకూడదు, విప్పకూడదు, దానికి ఒక్క పోగు కూడా కలపకూడదు.

కిందటి ఎండాకాలం ఎంకపల్లిలో రుత్తమ్మ అనే పెద్దావిడ ఇంట్లో ఒక బొంత చూశాను. ఆమెకు డెబ్బై దాటాయి, చూపు దాదాపు పోయింది. బొంత కుట్టింది ఆమె అక్క ఎస్తేరమ్మ. పెళ్లి చేసుకోకుండా చెల్లెలి ఇంట్లోనే బతికి, నాలుగేళ్ల కిందట చనిపోయింది.

ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట ఆ బొంత మీదే పడుకోబెడతారు. అంతకు ముందు, తల్లికి ఎనిమిదో నెల ఉండగా, ఆమె పాత బట్ట ముక్క ఒకటి దానికి అతుకు వేయాలి. ఆ పని ఎప్పుడూ ఎస్తేరమ్మదే. ఆమె పోయాక రుత్తమ్మ మనవరాలు సుజాతకు రెండుసార్లు బిడ్డ దక్కలేదు. రెండుసార్లూ అతుకు వేసేవాళ్లు లేకపోయారు. నేను వెళ్లేసరికి మళ్లీ ఆమెకు ఎనిమిదో నెల.

రుత్తమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. ఇలాంటివి వద్దని పాస్టరుగారు చెప్పారట. ప్రార్థన ప్రార్థనే, బొంత బొంతనే అని ఈమె ఆయనకు చెప్పిందట.

మూడు వారాల కోసం బొంత ఇస్తూ ఆమె నా చేతిలో సుజాత పాత చున్నీ ముక్క కూడా పెట్టింది. ముదురాకుపచ్చ, మీద తెల్ల చుక్కలు.

"నీకు కుట్టేటోళ్లు మస్తుమంది తెలుసు గద సారూ. జర అతుకు ఏపిచ్చి తే. గీసారన్న బిడ్డ దక్కాలె."

నేను తల ఊపాను. చూపు లేని మనిషి ముందు తల ఊపడం ఏపాటి నిజాయితీయో తర్వాత తీరిగ్గా ఆలోచించాను. అతుకు వేయించే ఉద్దేశం నాకు లేదు. కుదరలేదని మర్యాదగా చెప్పి ముక్క వాపసు ఇచ్చేద్దామనుకున్నాను. దాన్ని కవర్లో పెట్టి, జిగురుతో అంటించి, పైన తేదీ వేసి, చేవెళ్లలో కాలేజీ టేబుల్ సొరుగులో పడేసి తాళం వేశాను. ఇంట్లో ఉంటే మా ఆవిడ జాలిపడి ఎవరితోనైనా కుట్టించేస్తుందని నా భయం.

బొంతను ఇంట్లో ముందూ వెనకా ఫొటోలు తీశాను. అతుకులు నలభై ఒకటి. కుట్టు మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. కుడిచేతి వాటం వాళ్లు కుడితే అతుకు అంచున కుట్లు ఒక పక్కకు వాలతాయి. ఎస్తేరమ్మది ఎడమచేతి వాటం, ఆమె కుట్లు రెండో పక్కకు వాలాయి. ఆమె దారం కొనేది కూడా కాదట. పాత చీర అంచు నుంచి పోగులు లాగి పేనుకునేది. అన్నీ రాసుకుని, బొంతను బీరువాలో పెట్టి తాళం వేశాను.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున, వాపసు ఇచ్చే ముందు సరిచూసుకుందామని హాల్లో పరిచాను. అతుకులు నలభై రెండు.

మూల దగ్గర ముదురాకుపచ్చ ముక్క, మీద తెల్ల చుక్కలు. అరచేయంత.

నిజం చెప్పాలంటే భయం వేయలేదు, కోపం వచ్చింది. మా ఆవిడను పిలిచాను. "నాకు బొత్తాం కుట్టడం కూడా రాదని ఊరంతా చెప్పేది మీరే కదా" అంది. అది నిజం. భూతద్దం తెచ్చి చూశాను. కుట్లు రెండో పక్కకు వాలి ఉన్నాయి. దారం పేనిన పోగు, పాత అతుకుల్లో ఉన్న అదే వెలిసిన మెరూన్ రంగు. అప్పటి ఫొటోలు బయటికి తీసి చూశాను. మూడు వారాల కిందట ఆ మూలలో అతుకు లేదు.

అలాంటి చున్నీలు సంతలో వందలు దొరుకుతాయి, ఎవరో ఎక్కడో ఏదో చేశారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉందన్న సంగతిని ఆ ఒక్క పూటకు పక్కన పెట్టాను.

సోమవారం చేవెళ్లలో సొరుగు తీశాను. కవరు అంటించినట్టే ఉంది, మీద నా రాతలో తేదీ. చింపితే లోపల చున్నీ ముక్క ఉంది. మధ్యలో నలుచదరపు రంధ్రం ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. బొంత మీది అతుకు, దాని చుట్టూ లోపలికి మడిచేంత బట్ట, రెండూ కలిపితే సరిగ్గా ఆ రంధ్రమంత. ఆ రోజు నేను పాఠం చెప్పిన తీరు గురించి విద్యార్థులను అడగకపోవడమే మంచిది.

సాయంత్రం బొంత తీసుకుని ఎంకపల్లి వెళ్లాను. రుత్తమ్మ అంచుల వెంట వేళ్లు జరుపుకుంటూ వచ్చి కొత్త అతుకు దగ్గర ఆగింది. ఎవరితో కుట్టించానని అడిగింది. అచ్చం అక్క చెయ్యిలాగే ఉందంది.

అబద్ధం చెప్పడం తేలిక. ఆమె కూడా దానికే సిద్ధంగా ఉంది. కానీ సుజాత గడపలో కడుపు మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. "నేను కుట్టించలేదు అవ్వా. కుట్టించొద్దనే అనుకున్నాను" అన్నాను. కవరు సంగతి, కొలతల సంగతి అన్నీ చెప్పాను.

ఆమె వేలు కుట్ల మీద మెల్లగా కదులుతోంది.

"మా అక్క మా మాటనే ఇనకపోతుండె బిడ్డా. నీ మాట ఇంటదా?"

సుజాత గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

ఐదు వారాలకు కబురొచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. చూడటానికి వెళ్లాను. పాప బొంత మీద పడుకుని ఉంది. నా కళ్ల ముందే దాన్ని తడిపింది. పాత బట్టకు తడి ఎంత కీడో నేను అరగంట చెప్పగలను. ఆ రోజు చెప్పలేదు.

దక్కాల్సిన బిడ్డ అతుకు లేకపోయినా దక్కేది అంటే కాదనను. డాక్టర్లు అదే అంటారు. కానీ అతుకు ఎట్లా పడిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఫలానాది తెలియదని రాయడం చరిత్ర చదివినవాడికి కొత్త కాదు. తెలియనందుకు ఇంత ఊరటగా ఉండటమే కొత్త.