బొమ్మల కోడలు, గుమ్మం లేని పేజీ

మూడో అంతస్తు కోడల్ని వీధంతా బొమ్మల కోడలనే పిలుస్తుంది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు రంగులూ గళ్లూ దిద్దుతూ కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె చేసేది వెబ్‌సైట్లు. ఈసారి వీధి చివరి ఫిజియోథెరపీ క్లినిక్‌కి చేసింది.

పేజీ అప్పగించే ముందు ఆమెకో అలవాటుంది. మౌస్ తీసి అత్తగారి చేతికిచ్చేస్తుంది. చూపు లేనివాళ్లూ చెయ్యి వణికేవాళ్లూ మౌస్ పట్టలేరు. ఒట్టి కీబోర్డుతో పేజీ అంతా తిరగగలిగితేనే పని పూర్తయినట్టు. అత్తగారు ఆ మౌస్‌ని దిండు కింద పెట్టుకుని, బతిమాలినా ఇవ్వరు.

ఈసారి పరీక్షకు మావగారి తమ్ముడు చిన్నమావయ్య కూర్చున్నాడు. రేడియోలు బాగుచేసిన చేతులు ఆయనవి. చూపు పోయినప్పటినుంచి ప్రతి పనికీ ఎవరో ఒకరి కోసం ఎదురుచూడాల్సిందే. భుజం నొప్పికి ఆ క్లినిక్‌లో చూపించుకునే సమయం ఈ పేజీలో తనే తీసుకుంటానని పట్టుబట్టాడు.

"ఇదీ నావల్ల కాకపోతే ఇక ఈ పెట్టె జోలికి రానమ్మాయ్," అన్నాడు.

తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు మొదలైంది. దాని వేగానికి అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమయ్యా మరిదీ, దానికేమన్నా బస్సు వెళ్లిపోతోందా?"

"నిదానంగా చదివితే నాకు నిద్రొస్తుంది వదినా."

ఆయన శీర్షిక నుంచి శీర్షికకు దూకుతున్నాడు. కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. శీర్షికల్ని ఒట్టి లావు అక్షరాలతో సరిపెట్టకుండా, ఇవి శీర్షికలని కోడ్‌లోనే రాసింది తను. ఎవరికీ కనబడని ఆ చిన్న మాటలు పట్టుకుని ఆయన సొంతింట్లో తిరిగినట్టు తిరుగుతున్నాడు! పేరు, రోజు, సమయం చకచకా నింపేశాడు. తరవాత ఒక్కో మెట్టు ముందుకు దూకించే ట్యాబ్ కీ నొక్కితే పేజీ మొదటికి పోయింది. మళ్లీ నొక్కుకుంటూ వచ్చాడు. మళ్లీ మొదటికే.

"అమ్మాయ్, గదులన్నీ ఉన్నాయి. బయటికి గుమ్మమేదీ?"

కోడలు ముందుకు వంగి చూసింది. తెర మీద ఖరారు చేసే ఆకుపచ్చ బటన్ నిక్షేపంలా మెరుస్తోంది. కానీ అది బటన్ కాదు. ముచ్చటపడి నీడలు దిద్ది గీసుకున్న ఒట్టి పెట్టె. మౌస్‌తో నొక్కితే పలుకుతుంది. కీబోర్డుకు అదొకటి ఉన్నట్టే తెలియదు.

మావయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. "పోనీలే. మీరే చూడండి."

"లేవకండి మావయ్యా! గోడ మీద తలుపు బొమ్మ గీసి కూర్చున్నాను నేను."

"మౌస్ ఇవ్వనా?" అన్నారు అత్తగారు.

"వద్దత్తయ్యా. అది చేతిలో ఉంటే నా తప్పు నాకు కనబడదు."

కోడ్‌లో పెట్టె అన్న చోట బటన్ అని రాసింది. మారింది ఒక్క మాట. రంగూ నీడా అలాగే ఉన్నాయి.

మావయ్య మళ్లీ ట్యాబ్ నొక్కుకుంటూ వచ్చాడు. "సమయం ఖరారు చేయండి, బటన్," అంది గొంతు. ఆయన వేలు కాసేపు తటపటాయించి, నొక్కింది.

"మీ సమయం ఖరారైంది."

ఒక్క మాటకి ఇంత బలమా అనుకుంది కోడలు. అత్తగారు దిండు సర్దుకుని అడిగారు.

"నా మోకాలికీ ఒకటి తీసిపెడతావా మరిదీ?"

మావయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏ రోజు కావాలో చెప్పు వదినా."