ఓడ టికెట్టు మీద శ్రీమతి

మా నూలు సేఠ్ ఆ ఏడు ఒక స్కీము పెట్టాడు. ఏడాది పొడుగునా ఆయన కొట్లోనే నూలు ఎత్తి, చెప్పిన లెక్క దాటిన సాంచాల వాళ్ళకు, అంటే మరమగ్గాలు నడిపే వాళ్ళకు, జోడీగా సింగపూరు ప్రయాణం. బొంబాయి నుంచి విమానం, సింగపూరులో ఓడ, ఓడలో మూడు రాత్రులు, మళ్ళీ విమానం. తిండి, పడక, టికెట్టు అన్నీ వాళ్ళవే. మా ఆయన స్కీములో పేరు రాయించుకుని వచ్చిన రోజు ఓడ బొమ్మ ఉన్న కాగితం తెచ్చి సాంచాల షెడ్డు తలుపుకు అంటించాడు. నాలుగు నెలలకు గుండె ఆగి పోయాడు.

మిగతా ఎనిమిది నెలలు భీవండి నార్పోలిలో మా పన్నెండు సాంచాలు నేనే నడిపాను. నూలు చుట్టిన భీము మోసే రోజున మా మరిది వచ్చి చెయ్యి వేసేవాడు, కాదనను. కానీ పొద్దున షెడ్డు తాళం తీసిందీ, తెగిన పోగు కోసం కార్మికుల మీద అరిచిందీ, నూలు కోసం కొట్టు ముందు నిలబడిందీ నేనే. నూలు పుస్తకంలో మాత్రం ఆయన పేరే ఉంచాను. ఆడమనిషికి నూలు ఇస్తారో లేదో అని భయం. సేఠ్‌కు సంగతి తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తెలియని వాళ్ళు ఫోను చేసి ‘మాలిక్ ఉన్నాడా’ అంటే, బయటికి పోయాడని చెప్పేదాన్ని. అది అబద్ధమని నాకు అనిపించేది కాదు.

లెక్క దాటింది. సేఠ్ మనిషి వచ్చి జోడీ పేర్లు అడిగాడు. ఆ మాట విని మరిది కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“వదినా, నువ్వు ఓడల ఏం జేస్తవ్? తిండి వడది, బాస రాదు. నేనూ మా ఆమే పోయొస్తం. నీకు కావల్సింది తెస్తం.”

“సాంచాలు నడిపింది నేను. పోయేది నేను.”

“నీ జోడీ ఎవ్వలు మరి?”

“నా బిడ్డ.”

మరిది నవ్వాడు. “తల్లీబిడ్డా జోడీ ఎట్లయితరు?” అంటూ లేచాడు. నల్లా దగ్గర ఆడవాళ్ళకు ఇంకా తొందరగా తెలిసింది. “మొగడు వోయి ఏడాది గాలె, ఓడెక్కుతదట” అని ఒకామె నా బిందె నిండే దాకా అంటూనే ఉంది. నేను బిందె ఎత్తుకుని వచ్చాను. ఇంకాసేపు ఉంటే ఏడుపు వచ్చేటట్టు ఉంది.

నా బిడ్డ అప్పుడే పదో తరగతి దాటింది. మరాఠీ బడి. టూరు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన పుస్తకం రోజూ ముందు వేసుకుని కూర్చునేది. ఓడలో లోపలి గదులు వేరు, సముద్రం కనిపించే గదులు వేరు అని తనే చదివి చెప్పింది. “అమ్మా, ఖిడ్కీ ఉన్న రూమే పాయిజే. లోపలి రూముల పంటే మన షెడ్డుల పన్నట్టే ఉంటది” అంది. కిటికీ గదే కావాలంది, సరే అన్నాను. విమానంలో పచ్చడి సీసా తీసుకుపోనిస్తారా, ఓడలో వేడి నీళ్ళు దొరుకుతాయా, చీరతో మెట్లు ఎక్కగలనా, ఇవీ నా బాధలు. పాస్‌పోర్టు కోసం పోలీసు ఇంటికి వచ్చి మగమనిషి ఏడీ అని అడిగాడు. గోడ మీది ఫోటో చూపించాను. పోలీసు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని పోయాడు.

ఫారాలు బిడ్డే నింపింది, మరాఠీలో, ముత్యాల్లాంటి అక్షరాలు. నేను సంతకం చేశాను. నాకు వచ్చిన చదువు ఆ సంతకం అంతే.

టికెట్లు వచ్చాయని టూరు ఆఫీసు నుంచి కబురు వచ్చింది ఒక శుక్రవారం. శుక్రవారం మా భీవండిలో సాంచాలు బంద్, కరెంటు కూడా బంద్. చెవులకు అలవాటైన మోత లేక ఊరు ఏదో అయినట్టు ఉంటుంది ఆ రోజు. బిడ్డా నేనూ నడిచి పోయాం. ఆఫీసు గుమాస్తా మన తెలుగాయనే. నలభై ఏళ్ళుంటాయి, జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు.

“రాండ్రి అమ్మా. ఇగో టికెట్లు. సంతకం వెట్టి తీస్కపోండ్రి.”

బిడ్డ కాగితం చూసింది. చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అంకుల్, ఇదేంది? నా నావ్, నా పేరు లేదు. బాపు నావ్ ఉంది.”

“జోడీ గదమ్మా. నూలు పుస్తకం జూసి కొట్టోళ్ళు పంపిన లిస్టుల సారు పేరు, ఫారంల శ్రీమతి పేరు. ఇద్దరివీ కొట్టించిన. నీ ఫారం ఎక్స్‌ట్రా అని పక్కకు వెట్టిన. పోరగాండ్లకు స్కీము లేదు.”

“మా బాపు లేడు.”

“యాడికి వోయిండు?”

బిడ్డ నా దిక్కు చూసింది. నేను చెప్పాను. “సచ్చిపోయిండు.” ఆయన పోయినప్పటి నుంచీ ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. గోడలు విన్నట్టు అనిపించింది.

గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మరి శ్రీమతి అని ఎందుకు రాసిన్రు?”

“మరాఠీల నవరా పోయినోళ్ళకే, మొగడు లేనోళ్ళకే, శ్రీమతి రాస్తరు” అంది బిడ్డ, ఏడుపు గొంతుతో. “ఉన్నోళ్ళకు సౌభాగ్యవతి అని రాస్తరు. మా బడిల టీచర్ బాయి గట్లనే నేర్పింది.”

“మా దిక్కు శ్రీమతి అంటే మొగడున్నామె బిడ్డా. నేను గట్లనే సదివిన.”

తప్పు ఎవరిదని అనాలి? బిడ్డ రాసింది నిజం. ఆయన చదివిందీ నిజం. ఆ నడుమ మా ఆయన బతికి టికెట్టు ఎక్కాడు.

మరిది కూడా అప్పుడే వచ్చాడు, మా వెనకే వచ్చాడో ముందే తెలిసి వచ్చాడో. టికెట్టు తీసి చూశాడు. పేరంతా వేయలేదు అందులో, ఇంటిపేరు, ముందు ఒక్క అక్షరం.

“పోనీ తియ్ వదినా, దేవుడే జూపిచ్చిండు. ఇంటిపేరు మాది, అక్షరం గుడ నాదే. అన్న టికెట్టు మీద నేను పోతే అడిగెటోడెవ్వడు? నీది మా ఆమెకు మార్పియ్. వయసొచ్చిన పిల్లను ఇంట్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోతవా?”

గుమాస్తా నా మొహం చూశాడు. “అట్లయితే నాకూ సులువే అమ్మా. బొంబాయి పెద్దాఫీసోళ్ళు ఆరు గంటలకు పేర్లన్నీ ఓడోళ్ళకు పంపిస్తరు. గప్పుడు ఎవ్వల పేరుంటే వాళ్ళే.”

గోడ గడియారంలో మూడున్నర దాటింది. ఒక్క నిమిషం సరే అందామనిపించింది నాకు. కాళ్ళు గుంజుతున్నాయి, ఆ నల్లా దగ్గరి మాటలు గుర్తొస్తున్నాయి. ఇంటికి పోయి పడుకుంటే అయిపోతుంది అనుకున్నాను. మరిది ఆ టికెట్టును అప్పటికే మడిచి జేబు దగ్గరకు తెచ్చాడు. ఆ మడతలో మా ఆయన అక్షరం ఉంది. దాని మీద ఇంకొకరు కాలు పెట్టి ఓడ ఎక్కడం నా కళ్ళ ముందు కనిపించింది.

“ఇటియ్” అన్నాను. “ఆ పేరు మీద ఎవ్వలు నడవద్దు. ఈ పేరు తీసి నా బిడ్డది వెయ్యి.”

“ఊకె తియ్యరమ్మా. జోడీల ఒకలు మానుకుంటే రెండో సీటు గుడ పోతది. మనిషి లేడని కాగితం ఉంటే ఇంట్లోళ్ళ పేరు వేస్తరు. ఉన్నదా?”

ఉంది. మున్సిపాలిటీ వాళ్ళు ఇచ్చింది. తెచ్చిన రోజు చీరల పెట్టె అడుగున పెట్టాను, మళ్ళీ తీసి చూడలేదు. బిడ్డ పరుగున పోయి తెచ్చింది. అప్పుడు గుమాస్తా తల పట్టుకున్నాడు. ఆ కాగితం బొంబాయికి ఫ్యాక్సు చెయ్యాలంటే కరెంటు కావాలి. సాయంత్రం దాకా రాదు. ఊరి బయట కాశేలిలో ఒక గోదాము ఆఫీసులో ఫ్యాక్సూ జనరేటరూ ఉన్నాయని ఆయనకే తోచింది. షట్టరు దించి మాతో రిక్షా ఎక్కాడు. మరిది రోడ్డు మీదే నిలబడిపోయాడు.

కాశేలి వంతెన ముందు లారీలు గోడల్లా నిలిచాయి. ముందు లారీ కదలదు, వెనక లారీ హారను ఆపదు. బిడ్డ ఏడవడం మానేసి గోళ్ళు కొరుకుతోంది. కాగితం చెమటకు తడుస్తుందని కొంగులో చుట్టి పట్టుకున్నాను. ఐదు దాటింది. “దిగుండ్రి, నడుద్దాం” అన్నాడు గుమాస్తా. లారీల సందుల్లో నుంచి పొగ మింగుతూ నడిచాం. ఒక డ్రైవరు కిటికీలోంచి తిట్టాడు, ఏ భాషో తెలియలేదు.

గోదాము ఆఫీసులో నిలబడే గుమాస్తా అర్జీ రాశాడు. రాస్తూ కలం ఆపాడు.

“అమ్మా, నీ పేరు ముంగట ఏమని రాయాల్నే?”

బిడ్డ మెల్లగా అంది. “శ్రీమతి కాకుంటే, మరాఠీల నవరా లేనోళ్ళకు గంగాభాగీరథి అని గుడ రాస్తరు.”

“గంగ వద్దు, భాగీరథి వద్దు” అన్నాను. “పేరు రాయి.”

ఆయన రాసి చదివి వినిపించాడు. నా భర్త మరణించినందున ఆయన పేరు తొలగించి నా కుమార్తె పేరు చేర్చవలసింది. అంతే. ఇన్నాళ్ళూ నేను ఎవరినీ చెయ్యనివ్వని పని అది, నా సంతకంతోనే అడుగుతున్నాను. మొదటి అక్షరం వంకర పోయింది. ఇంకో కాగితం ఇస్తానన్నాడు. వద్దన్నాను. చచ్చిపోయాడన్న కాగితం కూడా దాని వెనకే ఆ ఫ్యాక్సు డబ్బాలోకి పోయి, ఇవతలికి వచ్చింది.

బదులు వెంటనే రాలేదు. ఐదు నలభైకి గుమాస్తా బొంబాయికి ఫోను కలిపాడు. పట్టుకోమన్నారు. పట్టుకునే ఉన్నాడు. ఆయన వేళ్ళు బల్ల మీద కొట్టుకుంటున్నాయి. ఆరు కావడానికి ఎంతో లేదనగా డబ్బా కీచుమంది. కాగితం ఇంచు ఇంచు బయటికి వస్తుంటే బిడ్డ వంగి తలకిందులుగానే చదవడం మొదలుపెట్టింది.

“నువ్వు... నేను. అమ్మా, నువ్వు, నేను!”

రెండు పేర్ల ముందూ ఒకే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి ఏమిటని అడిగాను.

“ఎమ్మెస్ అమ్మా” అన్నాడు గుమాస్తా. “పెండ్లయిందా, కాలేదా, మొగడున్నడా, లేడా, ఏమీ చెప్పది. ఆడమనిషి, గంతే.”

తిరిగి వచ్చేసరికి మరిది ఆఫీసు షట్టరు ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. మళ్ళీ అదే మడతలో మడిచి ఇచ్చాడు.

“సముద్రంల కడుపు తిప్పుతదట వదినా” అన్నాడు, నా మొహం చూడకుండా. “గోలీలు తీస్కపోండ్రి.”

“తీస్కపోతం” అన్నాను.