మల్లేశం నిలబడిన మౌనం

2023 జనవరిలో నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఒక గోదాముల సముదాయానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఏ గార్డు ఎక్కడ నిలబడాలో నిర్ణయించడం నా పని. మా గార్డు మల్లేశం జగిత్యాల వైపు మనిషి, మాజీ సైనికుడు. యుద్ధంలో ఫిరంగుల మోతకు ఎడమ చెవి పోయింది, వయసుతో కుడిచెవీ మందగించింది. ఎదురుగా మాట్లాడితే ముఖం చూసి పట్టేసేవాడు. ఈ సంగతి తెలిసిన నేను అతనికి బండ్లు రాని వెనక గేటే ఇచ్చేవాణ్ణి. చెవుడు బయటపడితే గార్డు లైసెన్సు పోతుంది, దాంతో వీసా కూడా.

రిపబ్లిక్ డేకి క్యాంటీన్ హాల్లో మాజీ సైనికులను సన్మానించాలని మన తెలుగువాళ్లు తలపెట్టారు. ముఖ్య అతిథి గోదాముల ముదీర్, అంటే మేనేజరు, కేరళ ఆయన. ముందురోజు మల్లేశం నా గదికొచ్చాడు.

"శాలువా కప్పితే కప్పనియ్యిన్రి సార్. గని నా చెవి ముచ్చట మైకుల జెప్పనియ్యకున్రి."

వ్యాఖ్యాత సత్తిబాబుది అమలాపురం. "అసలు పాయింటు అదే కదండీ!" అని గునిశాడు. బతిమాలి ఆ మాట తీయించాను.

సభలో నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. శాలువాలు సవ్యంగానే అయ్యాయి. తర్వాత అమరులకు మౌనం. గంట కొడితే లేచి తల వంచాలి, మళ్లీ కొడితే కూర్చోవాలి. నేను మైకు గురించే భయపడ్డాను గానీ గంట సంగతి తట్టనే లేదు.

రెండో గంట మోగింది. అందరూ కూర్చున్నారు. మొదటిసారి అందరినీ చూసి లేచిన మల్లేశం మాత్రం ముందు వరసలో తల వంచి అలాగే నిలబడ్డాడు. అంతలో ఎవరో అది భక్తి అనుకుని లేచారు. హాలంతా లేచింది, ముదీర్ కూడా. నేను గబగబా వెళ్లి అతని ఎదుట నిలబడి సెల్యూట్ చేశాను. నా బూట్లు చూసి తలెత్తాడు, సెల్యూట్ చేసి కూర్చున్నాడు. చప్పట్లు ఆగలేదు.

గండం గడిచిందనుకున్నాను. ముదీర్ కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఐసా ఆద్మీ పీఛే క్యోం హై? కల్ సే మెయిన్ గేట్ పే డాలో" అన్నాడు. ఇలాంటివాణ్ణి వెనకెందుకు పెట్టావు, రేపటినుంచి మెయిన్ గేటుకు వెయ్యమని. ఆ గేటంటే రోజంతా లారీలు రివర్స్ అయ్యే చోటు.

ఎదుటే ఉండి ముదీర్ పెదాలు చూసి పట్టేసిన మల్లేశం ముఖం వెలిగిపోయింది. "జేస్త సార్. నన్ను ముంగటికి పిలిచినోడు ఇన్నేండ్లల్ల ఎవడున్నడు?"

"హారన్ ఎలా వింటావయ్యా?"

"కండ్లున్నయ్ గద."

"లారీ వీపు వెనక నుంచి వస్తుంది" అన్నాను.

కెమెరాల గదికి నమ్మకస్తుడు కావాలని ముదీర్‌కు నచ్చజెప్పి, మర్నాడే మల్లేశాన్ని అక్కడ వేశాను. దానికి కిటికీ లేదు. ఉద్యోగం నిలిచింది. మొదటిరోజు డ్యూటీ దిగుతూ, "శాలువా కప్పి చీకట్ల కూసోబెట్టిన్రు సార్" అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

గార్డు పోస్టు మార్చాలంటే అతనికి ముందుగా చెప్పాలని మా రూలు. సన్మానానికి అలాంటి రూలేదీ లేదు. రిటైరయ్యేదాకా, ఎవరినైనా వేదిక ఎక్కించమని అడిగితే, దానివల్ల నీ డ్యూటీకి ఇబ్బందా అని ముందు ఆ మనిషినే విడిగా అడిగేవాణ్ణి. చాలామంది సన్మానం వద్దనే అన్నారు.