స్పెషల్ బస్సు వస్తుందని

అచ్చులో కనపడిన ఒక్క మాటను నమ్మి, ఒక్కపొద్దులో ఉన్న మా అత్తను ఆళ్లగడ్డ బస్టాండులో సొమ్మసిల్లేదాకా ఎండబెట్టిన ఘనత నాది. నవ్వుకోండి, ఏమీ అనుకోను. పడాల్సిన సిగ్గంతా ఆరోజే పడ్డాను.

నాకు అక్షరాలు వచ్చేసరికి ముప్పయ్యారేళ్లు. పంతొమ్మిదివందల ఎనభై ప్రాంతంలో నంద్యాలలో మా వీధి చివర ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే పలక పట్టుకుని పోయాను. కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఇంట్లో చదవడానికి ఏముంది? బొరుగులు, బెల్లం కట్టిచ్చే పాత పేపర్లే. వాటిని తొడ మీద సాపు చేసుకుని చదివేదాన్ని. వాటిలో ఒక మాట నన్ను పట్టుకుంది: స్పెషల్. తిరునాళ్లకు స్పెషల్ రైలు. కరువుకు స్పెషల్ ఆఫీసరు. పండక్కి స్పెషల్ చక్కెర కోటా. మామూలు రోజుల్లో మన గడప తొక్కనిదేదో ఆ మాట వెనకాలే నడిచొస్తుందని తోచేది. పచ్చబడిన కాగితం మీద అది కనపడితే చాలు, పొయ్యి మీద అన్నం మాడినా నాకు వాసన తెలిసేది కాదు.

మాడిన అన్నం తినీ తినీ మా అత్తకు నా చదువంటేనే గిట్టేది కాదు. ఒకరోజు ఆమెకు బెల్లం కాగితం చదివి వినిపించాను. అహోబిలానికి ప్రతి శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డ నుంచి స్పెషల్ బస్సు, ఎక్కడా ఆగదు. అహోబిలం స్వామికి మొక్కు బాకీపడిన మనిషి, కాగితం మీదికి మెడ సాచింది.

"నిజంగా అట్లనే రాసుండాదా?"

"అచ్చులో ఉండాది అత్తా. అచ్చు అబద్ధం చెప్తాదా?"

"సరే, పోదాం. ఆ బస్సు వస్తే నువ్వు ముసిలిదానివయ్యేదాకా బడికి పో. రాలేదనుకో, నీ పలక పొయ్యిలోకి పోతాది."

శనివారం ఎనిమిదికల్లా ఆళ్లగడ్డలో దిగాం. దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టనంది అత్త. అహోబిలం మామూలు బస్సు ఎదురుగానే ఉంది. కూర్చోవడానికి చోటు కూడా ఉంది.

"ఎక్కుదామా?"

"అది పల్లెపల్లెకూ ఆగుతాది అత్తా. మనది స్పెషల్."

అది పోయింది. తర్వాతదీ, ఆ తర్వాతదీ పోయాయి. నేను మాత్రం పెళ్లివారి కోసం కాచుకున్న మేళగాడిలా రోడ్డు వైపే చూస్తున్నాను. దూరంగా నల్లమల, ఆరేసిన నీలం చీరలా వేలాడుతోంది. ఎండకు రోడ్డు కరిగి ఏరులా కదులుతోంది. ఆ ఏట్లోంచి తేలివచ్చే ప్రతి లారీ నాకు కాసేపు స్పెషల్ బస్సే. దానికి పూలదండ ఉంటుందట, లోపల పరుపుల్లాంటి సీట్లట, డ్రైవరు దిగొచ్చి "రాండమ్మా" అంటాడట. నేను ఆ పరుపు మీద కూర్చోబోతున్నాను, ఇక్కడ అత్త అరుగు మీద నుంచి మెల్లగా కిందికి జారింది.

టీ అంగడి మస్తాన్ అన్న పరిగెత్తుకొచ్చి ఆమె మొహాన నీళ్లు చల్లాడు. "పొద్దన్నించి చూస్తాండా. మూడు బస్సులు పోయె. ఎవరికోసరం కాసుకోనుండారమ్మా?"

కాగితం చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పాడు. "ఈ బస్సు నిలబెట్టేసి ఐదారేండ్లాయె కదమ్మా. తేదీ చూసుకోలేదా?"

"పేపర్లో తేదీ కూడా ఏస్తారా అన్నా?"

వేశారు. పైన అంచు మీద, బెల్లం మరక పక్కన. నేను దాన్ని నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ దాటేశాను. బస్సు వేళంటే అక్షరాల్లో వేశారు, తేదీ అంకెల్లో ఉంది; మా బడి ఇంకా అంకెల దాకా రాలేదు మరి.

అత్త కళ్లు తెరిచి అంతా వింది. మస్తాన్ అన్న ఇచ్చిన టీ గుటకగుటకగా తాగింది. ఒక్కపొద్దు చెడినందుకు స్వామికి చెప్పుకునేది ఆమె చెప్పుకుంటుంది, నా సంగతేమిటి?

"అత్తా, మరి పలక..."

"పొయ్యిలో పెట్టను. నాకూ ఒకటి కొనుక్కోని రా. సోమవారం నుంచి నేనూ బడికొస్తా. నువ్వు చదివేది నమ్ముకుంటే నా పానం పోతాది."

మామూలు బస్సెక్కి, పల్లెపల్లెకూ ఆగి, సాయంత్రం దర్శనం చేసుకున్నాం. తేదీ చూడకుండా ఏ కాగితాన్నీ నమ్మనని స్వామి ముందు లెంపలు వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. మొన్న మా మనవరాలి పెళ్లికి, పందిరి నా కళ్లముందే వేస్తున్నా సరే, శుభలేఖలో సంవత్సరం చూసుకున్నాకే చీర కట్టుకున్నాను.