పెద్దబాపు మానేసిన ఈల

మొన్న పొద్దున చాయ్ చేతిలో ఉండగానే సుల్తానాబాద్ అవతలి మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా బాపు అన్న, నాకు పెద్దబాపు, నిద్రలోనే పోయాడని. నా నోట మొదట వచ్చిన మాట, "మరి కుక్క?" నవ్వకండి. ఆ మనిషిని ఎరిగినవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు.

మక్కజొన్న చేను కాపలాకు ఆయన పెంచిన మోతి ఈలకు వచ్చేది. ఈల వినగానే ఉరికి రావడం, అరచేతిలోని ఉడికిన గుడ్డు ముక్క తినడం. "మనకు ఉత్త పులుసు, కుక్కకు గుడ్లా?" అని ఆయన భార్య, మా పెద్దవ్వ, ఎత్తిపొడిచేది. "పిలిచినంక పెట్టాలె. ఒక్కపారి ఉత్త చెయ్యి సూపితే మల్ల నమ్మదే" అనేవాడు. మోతి ఎంత నమ్మిందంటే, ఎంత దూరాన ఉన్నా చేనుకు అడ్డంపడి సూటిగా వచ్చేది.

పక్క చేనాయన అడవి పందులకని గట్టు మీద కరెంటు తీగ పరిచాడు. పెద్దబాపుకు తెలియదు. ఇంటికి పోదామని ఈల వేశాడు. మోతి సూటిగా వచ్చింది, తీగ మీదికే. ఇవతల గుడ్డు ముక్క పట్టుకుని ఆయన చూస్తూ నిలబడిపోయాడు.

కొట్లాటకు పొమ్మని మేమంతా ఎగదోశాం. "తీగ వానిదే గని ఈల నాది" అన్నాడు. మళ్లీ జన్మలో ఈల వేయలేదు. "రమ్మనుడు నేర్పిన, ఆగుమనుడు నేర్పకపోతి" అని అన్నం ముందు కూర్చుని కూడా గొణిగేవాడు. గాలికి తలుపు సందులో ఈలలాంటి చప్పుడొస్తే ముద్ద వదిలేసి లేచి నిలబడేవాడు. మా ఊరి గట్ల మీద ఇవాళ తీగలు లేవంటే, ఆయన ఇంటింటికీ తిరిగి బతిమాలిన పుణ్యమే.

తరువాత కర్రి అనే కుక్కపిల్ల వచ్చింది. దానికి నేర్పింది ఒక్కటే. చప్పట్లు కొడితే ఎక్కడున్నది అక్కడే కూర్చోవాలి. గుడ్డు ముక్క మాత్రం ఆయనే నడిచిపోయి నోట్లో పెట్టి, వెంట తోలుకొచ్చేవాడు. ఒక్కనాడూ పిలవలేదు. "నేనే పోత. అది రావద్దు." మొండి మనిషి!

మొన్న పెద్దబాపు పాడె వెంట కర్రి కూడా వచ్చింది. పెద్దరోడ్డు మీద లారీలు చూసి భయమేసి నేనే చప్పట్లు కొట్టాను. టక్కున కూర్చుంది. మేము రోడ్డు దాటి వైకుంఠధామానికి వెళ్లిపోయాం.

తిరిగి వచ్చేసరికి అది అక్కడే ఉంది. పేరుపెట్టి ఎంత పిలిచినా కదలలేదు. పిలిస్తే రావాలని దానికెవరు నేర్పారు గనక! ఎత్తబోతే గుర్రుమంది.

ఇంట్లో చెబితే పెద్దవ్వ లేచింది. "ఇయ్యాల గడప దాటొద్దక్కా" అని ఆడవాళ్లు పట్టుకున్నా వినలేదు. కుక్క కోసమని పక్కింటివాళ్లు ఉడికించి ఇచ్చిన గుడ్డు తీసుకుని రోడ్డు దాకా నడిచింది. ముక్క తుంచి నోటి దగ్గర పెట్టింది. కర్రి మూతి పక్కకు తిప్పుకుని రోడ్డు అవతలికే చూసింది.

"నన్ను సుత గిట్లనే ఆపి పోయిండే" అంటూ పెద్దవ్వ దాని పక్కన మట్టిలో కూలబడింది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేస్తోంది. అది తగ్గగానే ఇద్దరూ మళ్లీ అవతలికి చూస్తున్నారు.